కల్లు మామకు నేను పెట్టిన బీరు పరీక్ష

ఆ రోజుల్లో నాకు ఎవరి మాటా నమ్మబుద్ధి అయ్యేది కాదు. రసాయనశాస్త్రంలో పట్టా చేతికొచ్చి ఏడాదైనా కాలేదు. లోకమంతా ఆధారాలు చూపకుండా మాట్లాడుతోందన్న దిగులుతో ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోయేవాణ్ణి. ఉప్పల్‌లో మా ఇంటి యజమానురాలు రాగిచెంబులో నీళ్లు ఒంటికి చలువ అన్నప్పుడు, ఎంత చలువ, దేనితో కొలిచారు అని అడిగాను. (ఆవిడ ఆ తరువాత నాకు మంచినీళ్లు ఇవ్వటం మానేశారు.) అటువంటి నాకు నాచారం పారిశ్రామికవాడలో, తినేవీ తాగేవీ పరీక్షించే ఒక చిన్న ప్రయోగశాలలో ఉద్యోగం దొరికింది. అనుమానించటానికి జీతం కూడా ఇస్తారని తెలిసి మురిసిపోయాను. తెనాలిలో మావాళ్లకు మాత్రం బిస్కెట్లు పరీక్షిస్తానని చెప్పాను. అది అబద్ధం కాదు, మంగళవారాల్లో బిస్కెట్లే. శుక్రవారాల్లో బీరు.

అక్కడ గాజుసామాను కడిగే పెద్దాయనను అందరూ కల్లు మామ అనేవారు. జనగామ వైపు మనిషి, యాభై దాటినవాడు. గుక్కెడు కల్లు నోట్లో పోసుకుంటే అది ఏ చెట్టుదో చెప్పగలనని ఆయన ధీమా. సీసాలు కడిగే మందు ఘాటుకు ఆయన వేళ్లు పగిలి, అన్నం కలుపుకుంటుంటే మండేవి. సరిగ్గా అప్పుడే, రుచి చూసి అభిప్రాయం చెప్పే మా బృందంలో ఒక కుర్చీ ఖాళీ అయింది. అది దొరికితే ఆయన మళ్లీ ఆ కడుగుడు తొట్టిలో చెయ్యి పెట్టనక్కర్లేదు. ఆయన బెరుకు బెరుకుగా వెళ్లి మా పై అధికారిణి మేడమ్‌ను అడిగారు. పరీక్ష పెట్టి చూడమని మేడమ్ ఆయనను నాకు అప్పగించారు.

“పరీక్షేంది సారూ, ఒక్క గుక్క ఇయ్యి, జెప్త,” అన్నారు మామ.

“చెప్పటం కాదు మామా, నిరూపించాలి.”

“గట్లనే గానీ. ఊకెనే అంటరా నిన్ను డౌటు సారని!”

ఆ వారం, చిన్న ఎత్తున బీరు తయారుచేసే ఒకాయన రెండు సీసాలు పంపారు. ఒకటి మామూలు బార్లీది. రెండోదాంట్లో బార్లీతోపాటు రై అనే చలిదేశపు ధాన్యం కలిపారట. చేదునూ పరిమళాన్నీ ఇచ్చే హాప్స్ పూలు రెండింటిలోనూ ఒకే మోతాదులో, దండిగా వేశారట. అయినా రై వల్ల రుచే మారిపోతుందని ఆయన వాదన. అంత చేదు కింద ఏ ధాన్యమైతే ఎవరికి తెలుస్తుందని నా వాదన. (అప్పటికి నేను బీరు చుక్కైనా ఎరగను, ఆ సంగతి నా వాదనకు అడ్డు రాలేదు.) ఆ బీరాయన గొప్పా, మామ గొప్పా ఒక్క దెబ్బతో తేలిపోతాయని సంబరపడ్డాను.

పద్ధతి తేలికైనదే. మూడు గ్లాసులు; రెండింటిలో ఒకే బీరు, మూడోదాంట్లో వేరేది. ఆ వేరేది ఏదో చూపించాలి. రంగు కనబడకుండా గ్లాసులకు నల్లకాగితం చుట్టాను. తెర వెనక మంచు తొట్టిలో సీసాలు పెట్టి, చల్లదనం కొలిచాను, నచ్చక మళ్లీ కొలిచాను, గది తలుపు వేశానో లేదో చూసి వచ్చాను, రెండు గ్లాసుల్లో పోశాను, మరోసారి వెళ్లి తలుపు చూసి వచ్చి మూడోదాంట్లో పోశాను. మేడమ్ గడియారం చూసుకుంటున్నారు.

మామ ఒక్కో గ్లాసే వాసన చూసి, తాగారు. ఉమ్మటానికి పక్కన గిన్నె ఉందని గుర్తుచేశాను.

“మంచిగున్నదాన్ని ఉమ్ముతరా ఎవలన్న?” అని మూతి తుడుచుకుని, “మూడు ఒక్కటే సారూ,” అన్నారు.

“అలా ఉండదు మామా. ఒకటి వేరు.”

“ఒక్క సీసలకెళ్లే పోసినవ్.”

“ఫారంలో మూడే గడులున్నాయి,” అన్నారు మేడమ్. “ఏదో ఒకటి చూపించండి, అయిపోతుంది.”

“ఎట్ల సూపియ్యాలె మేడం? నీ కాయితంల వేరుంటదేమో, నా నాల్క మీద లేదు.”

నేను ఫారం మీద ఎర్ర సిరాతో ‘విఫలం’ అని రాశాను. మామ చొక్కా చేతులు పైకి మడుచుకుని కడుగుడు తొట్టి దగ్గరకు వెళ్లిపోయారు. పరీక్ష పకడ్బందీగా చేశావని మేడమ్ నన్ను మెచ్చుకున్నారు.

సాయంత్రం మంచు తొట్టి ఖాళీ చేస్తున్నప్పుడు రై బీరు సీసా చేతికి తగిలింది. దాని మూత తియ్యనే లేదు.

దాన్ని తెరిచి, రెండు సీసాలనుంచీ గుక్కెడు గుక్కెడు నోట్లో వేసుకున్నాను. మొదటిది చేదు, బత్తాయి తొక్క గిల్లినప్పటి వాసన, అంతే. రెండోదాంట్లో ఆ చేదు కిందనుంచి పెనం మీద కాస్త మాడిన రొట్టె వాసన లేచింది, గొంతు దిగాక మిరియపు చురుకు మిగిలింది. బీరెరగని నాకే తెలిసిపోయింది. ఆ రోజు మెట్రో ఎక్కకుండా నాచారం నుంచి ఉప్పల్ దాకా నడుస్తూ, నన్ను నేను కాపాడుకునే కారణాలు వెతికాను. మామ అన్నది యాదృచ్ఛికంగా నిజమై ఉండవచ్చు అన్నది వాటిలో అన్నిటికన్నా గట్టిది. కాని గుడ్డిగా ఊహించేవాడు ఫారంలో ఉన్న మూడింటిలో ఒకటి చూపిస్తాడే గాని, లేని జవాబు చెప్పడు. ఇంకో కారణం, నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ణి, తప్పు బయటపడితే ఉద్యోగం పోవచ్చు. ఆయన పగిలిన వేళ్లు మాత్రం ప్రతి కారణాన్నీ పక్కకు నెడుతూ వచ్చాయి.

మర్నాడు మేడమ్‌కు చెప్పేశాను. ఆవిడ కళ్లజోడు తీసి, “అంటే నిన్న ఫెయిలైంది ఆయన కాదు, నువ్వు,” అన్నారు.

తొట్టి దగ్గరకు వెళ్లి మామకూ చెప్పాను. “నాకు నిన్ననే ఎర్క,” అన్నారు, గ్లాసు కడుగుతూనే.

“మరి గట్టిగా అడగలేదేం?”

“సదువుకున్నోనివి. జరసేపు ఆగితే నువ్వే సూస్కుంటవనుకున్న. జర కాదు, మస్తు సేపే వట్టింది!”

ఈసారి మేడమ్ కొత్త సీసాలు తెప్పించి స్వయంగా పోశారు. నన్ను గది బయట నిలబెట్టారు. అయిదు విడతలు, అయిదుసార్లూ మామ వేరే గ్లాసునే చూపించారు. (గుడ్డిగా చెబితే అలా జరిగే అవకాశం రెండు వందల నలభై మూడింట ఒకటి. వరండాలో పచార్లు చేస్తూ లెక్క కట్టాను.) సోమవారం నుంచి ఆయన కుర్చీలో కూర్చున్నారు, ఆయన చెప్పేది నేను ఫారంలో రాసేవాణ్ణి. నెల తిరిగేసరికి వేళ్ల పగుళ్లు మానాయి.

ఇప్పుడు మేడమ్ కుర్చీలో నేనున్నాను. మా ఫారంలో ‘తేడా లేదు’ అని నాలుగో గడి ఉంది. అది పెట్టించటానికి నేను ఎంత పోరాడానో చెబితే కొత్తవాళ్లు నవ్వుతారు. ఉష్ణమాపకం పట్టుకుని తెరకూ తలుపుకూ మధ్య తిరిగిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది, కాని కోప్పడాలనిపించదు. అతడు ఆ రోజు మూత చూసుకుని ఉంటే పరీక్ష సవ్యంగా జరిగేది, మామకు కుర్చీ ముందే దొరికేది. నేను మాత్రం ఈనాటికీ ఎదుటివాళ్లను మాత్రమే అనుమానిస్తూ ఉండేవాణ్ణి.