నాయనమ్మ పిండుకున్న చీర

వయసు మీరినవాళ్ళకు ఇంట్లో ఎంత సాయం కావాలో తేల్చడానికి మొన్న ఆసుపత్రిలో నర్సమ్మ నా చేతికి సత్తువ కొలిచే ఒక పిడి ఇచ్చి, "బాపూ, జర గట్టిగ పట్టుండ్రి, తడిబట్ట పిండినట్టు" అన్నది. దాని మీది ముల్లు కాస్త కదిలి ఆగిపోయింది. ఇంటికొచ్చి అలవాటుగా డైరీ తెరిచాను గానీ, కార్వాన్‌లోని మా పాత ఇంటి పెరడే కళ్ళముందు నిలిచింది.

పందొమ్మిదివందల యాభైల్లో, నేను బడికి వెళ్ళే రోజుల్లో, మా బాపు, అంటే మా నాన్న, అక్కడి చిన్న గుడిలో పూజారి; స్వామికి నైవేద్యం వండేది నాయనమ్మ. వండే మనిషి తన చీరను తానే ఉతికి, పిండి, కర్రతో ఎత్తైన దండెం మీద ఆరేసుకోవాలి, మరొకరు తాకితే మడి పోయినట్టే. అందుకని ఆమెను ఎవరూ ఏమీ అడగకపోయినా, ఒంట్లో ఎంత సత్తువుందో ఆ చీరే ఇంటిల్లిపాదికీ చెప్పేది.

ఒక ఎండాకాలం జహనుమా నుంచి వచ్చిన మేనత్త, దండెం కింద నిలిచిన నీళ్ళు చూసింది.

"ఏందమ్మా, చీరె పిండలేదా? గిట్ల కారబట్టె!"

"పిండిన. నీ కండ్లే కారుతున్నయి, పోయి తుడుచుకో" అన్నది నాయనమ్మ నవ్వుతూనే, చేతులు మాత్రం కొంగులో దాచుకుంది.

గంజి వార్చేటప్పుడు గిన్నె జారితే ఏం గతి అని మేనత్త పట్టుబట్టింది. ఆ సాయంత్రమే బాపు తల్లి పక్కన కూర్చుని, "రేపటి సంది నీ కోడలు వండుతది. నువ్వు ఆరాం చెయ్యమ్మా" అన్నాడు.

"ఆరాం నాకెందుకురా, నేనేమన్న నవాబునా? ఏ పనన్న తీస్కో, గా పొయ్యి మాత్రం నాకు ఇడువు."

ప్రేమకొద్దీ బాపు వినలేదు. ఇక మడి లేదు గనుక చీరను మా అమ్మే గట్టిగా పిండి ఆరేసేది, స్నానానికి నీళ్ళు తోడిచ్చేది, పళ్ళెం చేతికందించేది. తెల్లవారకముందే లేచే మనిషికి లేవడానికి పనేమీ లేకపోయింది. దసరా నాటికి గోడ పట్టుకుని నడిచేది, చలికాలానికి చెంబు ఎత్తలేకపోయింది, ఉగాదికి లేదు. చెయ్యి సడలినందుకు ఆమె పోయిందో, పని పోయినందుకు పోయిందో నేటికీ తేల్చుకోలేను.

ఇప్పుడు బట్టలు పిండే యంత్రం ఇంట్లో ఉంది, సత్తువ కొలిచే పిడి ఆసుపత్రిలో ఉంది, నాకు స్నానం చేయించడానికి రేపటి నుంచి మనిషి కూడా వస్తాడట. అన్నిటికీ ఒప్పుకున్నాను, తువ్వాలు మాత్రం నేనే పిండుకుంటానన్నాను, మా కోడలు సరేనంది. ఇది రాస్తుంటే కిటికీలోంచి దండెం కనిపిస్తోంది. తువ్వాలు కింద నేల తడిసి ఉంది. ఇంకా ఎవరూ చూసినట్టు లేదు.