నీళ్లు ముట్టని పురోహితుడు

మా నాయన జమ్మలమడుగులో పురోహితుడు. పెండ్లి చేయించే రోజు తెల్లవారి లేచింది మొదలు అప్పగింతలయ్యేదాకా గుక్కెడు నీళ్లు ముట్టేవాడు కాదు. "ఎంత నిష్ఠ!" అని జనం చేతులు జోడించేవారు. నేనూ మురిసిపోయేదాన్ని.

అసలు సంగతి అమ్మ నోట బయటపడింది. కొన్నాళ్లుగా ఆయనకు మూత్రం సన్నగా, ఆగి ఆగి వస్తోంది. పోయొచ్చిన కాసేపటికే మళ్లీ పోవాలి. మడిలో ఉన్నవాడు ఒంటికి పోతే కాళ్లు కడుక్కుని, ఆచమనం చేసి గానీ మంత్రం ఎత్తకూడదు. మంటపంలో మాటిమాటికీ ఆ తతంగం ఎవరు పడతారని ఏకంగా నీళ్లే మానేశాడు. నిష్ఠా లేదు, పాడూ లేదు. నాకు ఒళ్లు మండింది.

"వయసు మీద పడితే అందరికీ ఇంతేలేమ్మా. ఆడపిల్లవు, నీకెందుకీ మాటలు?" అన్నాడు నాయన, నేను నిలదీస్తే.

"నువ్వు చెప్పకపోతే నేనే అడగాల గదా. లే నాయనా, బస్సెక్కు," అన్నాను.

ప్రొద్దుటూరు డాక్టరు అన్నీ అడిగాడు. రక్తం పడుతోందా, మంట ఉందా, నడుము నొప్పా అని. "మూత్రాశయం కింద ప్రోస్టేట్ అని ఒక గ్రంథి ఉంటాది సామీ, ఉసిరికాయంత. వయసుతో శానా మందికి అది పెరుగుతాది. పెరిగిందల్లా క్యాన్సర్ కాదు. క్యాన్సరయితే మొదట్లో ఏ బాధా తెలియకపోవచ్చు. పరీక్ష చేయకుండా ఏదీ చెప్పలేను."

ఉసిరికాయంత! కంటికి కనపడని ఆ కాస్త ముక్క మా ఇంటినంతా గుప్పిట్లో పెట్టుకుందే అనిపించింది.

రక్తపరీక్షలో ప్రోస్టేట్ సంగతి చెప్పే అంకె ఎక్కువొచ్చింది. మలద్వారంలోంచి వేలితో గ్రంథిని కూడా తాకి చూడాలన్నారు. పరాయివాళ్లు తాకితే మళ్లీ స్నానం చేసే మనిషి, మారుమాట్లాడకుండా పక్కకు తిరిగి పడుకున్నాడట. తర్వాత చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. ఫలితం వచ్చేదాకా అమ్మకు అన్నం సయించలేదు. నాకు చచ్చేంత భయం. చివరికి క్యాన్సరేనన్నారు, అయితే గ్రంథి దాటలేదు. రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు పరీక్షలు బాగానే వస్తున్నాయి.

మొన్న పులివెందులలో, కోలుకున్నాక ఆయన చేయించిన మొదటి పెండ్లి. తాళికి ఇంకా సమయముంది. నాయన మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"నేను ఒంటికి పోయొస్తా, అంతవరకూ కూచోండి. నాకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది. ముదరకముందే చూపించుకున్యా, మీ ముందర కూచున్యా. యాభై దాటిన మొగోళ్లు ఈ పరీక్ష గురించి డాక్టరును అడగండి. తండ్రికో అన్నకో ఉన్నోళ్లు ఇంకా ముందే అడగండి. మూత్రంలో రక్తం కనపడితే మాత్రం ఆగద్దండి. ఇందులో సిగ్గేంది?"

మేళం కూడా ఆగిపోయింది. ఈయన మా నాయనేనా అని అట్లాగే చూస్తుండిపోయాను. ఆయన పంచె సర్దుకుని మెట్లు దిగాడు. ముందు వరసలో కూర్చున్న పెండ్లికొడుకు తాత లేచి, గబగబా ఆయన వెనకాలే నడిచి భుజం పట్టుకున్నాడు.

"సామీ, నాకు రక్తం పడతాంది. ఇంతవరకూ ఎవురికీ చెప్పలే."