చాప మీద బాపు

ఇబ్రహీంపట్నం బస్టాండు పక్కన ప్లాస్టిక్ చాపలు అమ్ముతున్నారు. ఎండకు వేడెక్కిన ఆ చాపల వాసనకు మా ఊరి ప్రార్థన మందిరం గుర్తొచ్చింది.

మా తాత, ముత్తాత ఇద్దరూ ఊరికి సర్పంచులు. నా చిన్నప్పుడు ఒక ఏడాది మా నాన్న, బాపు, కూడా పోటీలో ఉన్నాడు. బాప్తిస్మం తీసుకున్న సంగతి ఎన్నికలయ్యేదాకా బయటపెట్టొద్దని మా ఇంటి పెద్దలు ఆయనకు మరీ మరీ చెప్పారు. ఎన్నికల ముందు ఆదివారమే బాపు నన్ను మందిరానికి తీసుకెళ్లి, మా పొలంలో పనిచేసేవాళ్ల మధ్య చాప మీద కూర్చున్నాడు. ఏదో తప్పు చేసినందుకు ఆయన్ను కింద కూర్చోబెట్టారనుకున్నాను. పాస్టరు కుర్చీ లాక్కొచ్చాను.

"లే బాపు, కుర్సీల కూసో."

"ఈడ అందరం ఒక్కటే బిడ్డా. నువ్వు గూడ కూసో."

మా చేనులో కలుపు తీసే మరియమ్మ నవ్వింది. "నీ బిడ్డనే అసలు పటేల్ గదనె పటేలా!"

నేను కూర్చోలేదు. బాపు లేచి సాక్ష్యం చెప్పడానికి మైకు అందుకున్నాడు.

"నాకు యేసయ్య దొరికిండు. సర్పంచ్‌గిరీ లేకున్నా ఫికర్ లేదు. మీరు గూడ ఆయన్ని తెలుసుకోండ్రి."

ఆ మాట ఊరంతా వినపడింది. బాపు ఓడిపోయాడు. మా వాకిట్లోకి జనం రావడం ఆగిపోయింది.

బాపు నమ్మిన దేవుణ్ణే నేనూ నమ్ముతాను. అయినా, ఆ పెద్దరికం పోయిందని ఆయన ఒక్కనాడూ పడని బాధ ఇప్పటికీ నేను పడుతూనే ఉన్నాను.