డ్రమ్ములవాడు ఏ డబ్బాలో ఉన్నాడు?

చదునుగా ఉన్న అట్ట ఆమె చేతిలో పడితే చిటికెలో డబ్బా అయి కూర్చుంటుంది. అందుకే అందరికీ ఆమె అట్టలక్క. సబ్బుల డబ్బాలు, మందుల డబ్బాలు, చొక్కాల డబ్బాలు అన్నీ మడిచిన చేయి. ఏ దుకాణానికి వెళ్ళినా డబ్బా తిరగేసి, జిగురు ఎక్కడ పెట్టారో చూస్తేగాని కదలదు.

ఈమధ్య ఆమె పనిచేసే షెడ్డుకు పాటల డబ్బాలు వచ్చిపడ్డాయి. ఒక్కోదానిలో ఒక డిస్కు, బొమ్మల పుస్తకం, ఆ పైన ఆ పాటలు పాడే బృందంలోని ఐదుగురిలో ఎవరో ఒకరి ఫొటో. ఎవరిదన్నది కొన్నవాళ్ళు విప్పేదాకా తెలియకూడదు. అందుకని ఫొటోలను బోర్లించి కలిపేసి, చూడకుండా పెట్టాలి.

ఆ బృందమంటే అట్టలక్క కూతురు పడిచస్తుంది. చేతిఖర్చంతా ఆ డబ్బాలకే. గిటారువాడు రెండుసార్లు వచ్చాడు గానీ, డ్రమ్ములవాడు ఒక్కడే ముఖం చూపించలేదు.

"అన్నిట్లోనూ అవే పాటలు కదే! డిస్కు పెట్టుకోడానికి మనింట్లో మిషనైనా లేదు."

"పాటలు ఫోన్లో వింటానమ్మా. ఇవి వినడానికి కాదు."

"మరి దేనికి?"

"నీకర్థం కాదులే."

తను మడిచిన డబ్బా తనకర్థం కాదా! ఆ మాట అట్టలక్కకు గుచ్చుకుంది. పైగా పిల్ల బెంగ చూడలేకపోయింది. మర్నాడు బల్ల దగ్గర మెల్లగా ఒక్కో ఫొటో తిప్పి చూడసాగింది. డ్రమ్ములవాడు దొరికాడు. పక్కన కూర్చున్న పెద్ద తోటికోడలు డొక్కలో పొడిచింది.

"మేస్త్రి చూశాడంటే ఈ పూటే ఇంటికి పంపిస్తాడు. ఏం పోయేకాలమే నీకు?"

"పిల్ల కోసం అక్కా. ఒక్కటే."

ఆ ఫొటోను పెట్టిన డబ్బా అడుగు మూలను గోటితో నొక్కి, తమ వీధి షాపుకు వెళ్ళే పెట్టెలో వేసింది.

సెలవునాడు తల్లీకూతుళ్ళు షాపుకు వెళ్ళారు. "అడుగున మూల నొక్కి ఉంటుంది చూడు. అందులో నీవాడే," అని అట్టలక్క చెవిలో ఊదింది. కూతురు వెతికి పట్టుకుంది. ముఖం వెలిగింది. అంతలోనే వాడిపోయింది. డబ్బాను తిరిగి అరలో పెట్టేసింది.

"ఏమైందే?"

"ఎవరో తెలిసిపోయాక ఇంకేముందమ్మా? అంతా చప్పగా చేసేశావ్."

"పని పోతుందని తెలిసీ చేస్తే చప్పనా!"

కూతురు వినిపించుకోకుండా ఇంకోటి కొంది. అట్టలక్క దాన్ని తిప్పి చూసి కూతురి చేతికిచ్చింది. తను మడిచిందే. సబ్బు డబ్బాలో సబ్బే ఉంటుంది. మరి ఇందులో ఎవరున్నారో? ఒక డబ్బా లోపల ఏముందోనని ఆమె ఆత్రపడడం అదే మొదలు.

"విప్పవే."

"ఇంటికెళ్ళాక."

"అప్పటిదాకా ఎవరాగుతారు? ఇటియ్యి!"

షాపు మెట్లమీదే చించేసింది. గిటారువాడు! కూతురు నెత్తి పట్టుకుంది.

"వీడు మనింటికి అల్లుడయ్యేలా ఉన్నాడే," అంది అట్టలక్క.

కింది మెట్టుమీద డబ్బా విప్పుకుంటున్న ఒకమ్మాయి తలెత్తింది. "ఆంటీ, ఆ గిటారు నాకిస్తారా? నా దగ్గర డ్రమ్ములు రెండున్నాయి."

క్షణంలో ఫొటోలు చేతులు మారాయి. కూతురు డ్రమ్ములవాణ్ణి తనివితీరా చూసుకుంది. ఆ తర్వాత ఎందుకో కాస్త దిగులుగా కూర్చుంది.

"ఐదుగురూ వచ్చేశారుగా. ఇక కొనవుగా?"

"ఇంకేం మిగిలిందని కొనడానికి?"

"నిన్న షెడ్డుకి కొత్త అట్టలొచ్చాయే. ఈసారి ఫొటోల్లో..."

కూతురు రెండు చేతులతో తల్లి నోరు మూసేసింది. "చెప్పకు! చెప్పావంటే చూడు!"