ఉప్పు బస్తాల జీపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే అది మా నాయన జీపు పుణ్యమే. ఆ జీపు చచ్చిపోయిన రోజు గురించి రాస్తున్నాను. చివరికి అంతా బాగుపడిందని చదవాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆపేయవచ్చు. బాగుపడలేదు. నాకు అక్షరాలు వచ్చింది యాభై రెండో ఏట. ముందే వచ్చి ఉంటే ఇది ఎప్పుడో రాసి వదిలించుకునేదాన్ని.

సుక్మా దాటి అడవుల్లోకి, భేజ్జి వైపు, అప్పట్లో రోడ్డంటే ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. ఆ దారిలో ఉన్న ఊళ్ళ అంగళ్ళకు మా నాయన ఉప్పు తోలేవాడు. సుక్మాలో బస్తాలు ఎక్కించుకుని వారంలో ఒక్కో రోజు ఒక్కో అంగడిలో దించేవాడు. అడవి ఊళ్ళవాళ్ళు చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయలు తెచ్చి ఇచ్చి ఉప్పు పట్టుకుపోయేవాళ్ళు. వాళ్ళతో వాళ్ళ దోర్లీ భాషలో, ఉప్పు ఇచ్చే సేటుతో హిందీలో, ఇంట్లో మాతో తెలుగులో మాట్లాడేవాడు మా నాయన. కోపం వస్తే మాత్రం మూడూ కలిపి తిట్టేవాడు.

ఆ జీపు ఎవరో నీలాం పాటలో కొని, వాడుకుని, మా నాయనకు అంటగట్టినది. ఉప్పు బస్తా తడిస్తే కారుతుంది. కారిన ఉప్పునీళ్ళు జీపు నేల సందుల్లోంచి కింద ఛాసిస్ మీదికి దిగేవి. ఛాసిస్ అంటే జీపుకు వెన్నెముక. ఇంజను, సీట్లు, ఇరుసులు అన్నీ దాన్ని పట్టుకునే ఉంటాయి. తుప్పు కనబడితే చాలు, మా నాయన సుక్మాలో రోడ్డు పనివాళ్ళను బతిమాలి డబ్బాడు తారు తెచ్చి దానికి పూసేవాడు. వానలకు ముందు ఒక పూత, వానలు పోయాక ఒక పూత. ఆ దారిన ఉప్పు తోలేవాళ్ళందరూ అదే చేసేవాళ్ళు. పూసినాక ఛాసిస్ నల్లగా నిగనిగలాడేది. తారు కింద ఉప్పుతేమ చిక్కుకుని ఇనుమును లోపల్లోపలే తింటుందని ఎవరికీ తట్టలేదు.

నాకు పదేళ్ళు వచ్చిన ఎండాకాలం జీపు మొరాయించడం మొదలుపెట్టింది. క్లచ్ వదిలినప్పుడల్లా కిందనుంచి ఎవరో గునపంతో పొడిచినట్టు ఖట్‌మనేది. షాఫ్టులు అరిగాయన్నారు. ఇంజను తిప్పే తిప్పుడును చక్రాల దాకా మోసుకుపోయే పొడుగాటి ఇనుప గొట్టాలవి. ముందొకటి, వెనకొకటి. రెండూ కొత్తవి వేయాలి. మా నాయన దుక్కుల ముందర జత ఎద్దులను అమ్మేసి, షాఫ్టులు కొనుక్కొచ్చాడు. మా అమ్మ మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నాకు మాత్రం ఆ షాఫ్టులంటే ప్రాణం. ఎందుకంటే జీపు నడిస్తే నన్ను సుక్మాలో ఆశ్రమశాలలో, అక్కడే ఉండి చదువుకునే బడిలో, చేరుస్తానని మా నాయన మాట ఇచ్చాడు. నడవకపోతే మా అమ్మతో కలిసి భద్రాచలం అవతల మిరప తోటలకు పోవాలి. అప్పటికే రెండేళ్ళు పోయాను. మిరపకాయ తెంపిన వేళ్ళతో కళ్ళు తుడుచుకోలేం, ఏడ్వడానికి కూడా వీలుండదు. ఇంకో ఏడాది ఆగితే ఇంత పెద్ద పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టడం కుదరదని మాస్టారు ముందే చెప్పేశాడు. కాబట్టి ఆ ఏడు కాకపోతే ఇక లేదు.

గీదంలో జీపులు బాగుచేసే ముసలి మిస్త్రీ ఒకడు ఉండేవాడు. ఆంధ్ర నుంచి గనుల్లో పనికి వచ్చి, అది మానేసి రేకుల షెడ్డు పెట్టుకున్నాడు. మా వైపు జీపులన్నీ ఆయన చేతిలో పడాల్సిందే. జీపును మరో బండికి కట్టి అక్కడికి లాక్కుపోయాం. నేనూ వెంట పడ్డాను. షాఫ్టులు నా ఒళ్ళోనే పెట్టుకున్నాను, గ్రీజు కాగితం చుట్టినవి చుట్టినట్టే.

మిస్త్రీ జీపును దుంగల మీదికి ఎత్తి కిందికి దూరాడు. బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయి, కిరసనాయిలు పోసి నానబెట్టినా కదల్లేదు. కొన్నింటిని ఉలి పెట్టి కోసేశాడు. పాత షాఫ్టులు ఊడొచ్చాయి, లోపలి పళ్ళు ముసలమ్మ నోరులా అరిగిపోయి ఉన్నాయి. అయినా ఆయన కొత్తవాటి వైపు చూడలేదు. చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

“కొత్తవి నేను వెయ్యను” అన్నాడు.

“ముందల పెట్టుకొని వెయ్యనంటవేంది? ఏంది నీ నఖరాలు?” అన్నాడు మా నాయన.

“ఛాసిస్ గుల్లయింది. వెనక ఇరుసు పట్టీలు ఊడితే ఇరుసు జారిపోద్ది. షాఫ్టు పోయి నేలకు గుచ్చుకుంటది. బండి పల్టీ కొడ్తది. లోపల నువ్వుంటవ్.”

“వెల్డింగ్ కొట్టు.”

“వెల్డింగ్ పట్టుకునేటందుకు ఇనుమన్నా ఉండాలె గదా. తారుకు కొట్టమంటవా?”

మా నాయనకు మండిపోయింది. “పాత ఇనుము కొనే కబాడీవానితోని బేరం కుదుర్చుకున్నవా ఏంది, నా బండి వానికి తోలుదామని?”

“నీ బండిని కబాడీవాడైనా ముక్కు మూసుకునే కొంటడు” అని మిస్త్రీ నవ్వాడు. మా నాయన నవ్వలేదు. ఎద్దులను అమ్ముకుని వచ్చిన మనిషికి ఎదుటివాడు నిజం చెప్తున్నా మోసంలాగే వినిపిస్తుంది.

అప్పుడు మిస్త్రీ నా వైపు తిరిగాడు. అంగట్లో మీ అమ్మ కుండ ఎట్ల కొంటదని అడిగాడు. వేలు మడిచి కొట్టి చూస్తదన్నాను. పగిలిన కుండ ఎట్ల పలుకుతదన్నాడు. బొదబొదమంటదన్నాను. నువ్వు కనిపెడ్తవా అంటే, “కుమ్మరాయన కూడా నన్ను మోసం చెయ్యలేడు” అని గొప్పలు పోయాను. ఆయన చిన్న సుత్తె, సుద్దముక్క నా చేతిలో పెట్టాడు. ఛాసిస్ పొడుగునా కొట్టుకుంటూ పొమ్మన్నాడు, గుల్లగా పలికినచోట గీత పెట్టమన్నాడు. “నా మాట నమ్మకు. నీ బిడ్డ మాట నమ్ము” అన్నాడు మా నాయనతో. మా నాయన సరేనని, చూడ్డానికి ఇష్టంలేక చాయ్ దుకాణానికి పోయాడు.

ముసలాయన వేసిన ఎత్తు అది. కానీ ఆయనకు తెలియనిది ఒకటుంది. ఆ జీపు బతకాలని నాకంటే ఎక్కువ కోరుకునేవాళ్ళు ఆ షెడ్డులో లేరు.

ముందువైపు ఇనుము ఖంగుఖంగుమంది. మధ్యలో కాస్త మందగించింది. వెనక పట్టీల దగ్గరికి వచ్చేసరికి శబ్దమే చచ్చిపోయింది. నాలుగు చోట్ల కొట్టాను, నాలుగు చోట్లా తడి మట్టిని కొట్టినట్టే. గీత పెట్టలేదు. అసలే పెట్టకపోతే అనుమానం వస్తుందని ముందువైపు ప్రమాదం లేనిచోట ఒక చిన్న గీత మాత్రం పెట్టి, అయిపోయింది తాతా అని కేకేశాను.

మిస్త్రీ నా పక్కకు పాక్కుంటూ వచ్చి వెల్లకిలా పడుకున్నాడు. సుత్తె తీసుకుని, నేను వదిలేసిన చోట ఒకసారి కొట్టాడు. ఇదెట్లుందన్నాడు. బాగుందన్నాను. మళ్ళీ కొట్టాడు. బాగుంది తాతా అన్నాను. నా గొంతు నాకే వేరేవాళ్ళదిలా వినిపించింది.

ఆయన తిట్టలేదు. “బడికి పోతనన్నవంట గదా” అని మాత్రం అడిగాడు. అవునన్నాను. పైనున్న తారును గోటితో గీకాడు. తర్వాత మెల్లగా అన్నాడు: “నేను చెప్తే మీ నాయన నమ్మడు. ఇక్కడ కాదంటే జగదల్‌పూర్ పోయి ఏయించుకుంటడు. నువ్వు చెప్తే ఆగుతడు. చెప్తవో లేదో నీ ఇష్టం. ఈ సీట్ల కూసునేది మాత్రం మీ నాయననే, అది యాదిలో పెట్టుకో.” అని పాక్కుంటూ బయటికి పోయాడు.

నేనొక్కదాన్నే ఆ జీపు కింద ఎంతసేపున్నానో తెలియదు. పక్క షెడ్డులో ఎవరో రేకు కొడుతున్నారు. సుద్దముక్క చెమటకు నా చేతిలో మెత్తబడింది. సుద్దముక్క పట్టుకోవడం నాకు అదే మొదటిసారి. బడిలో పట్టుకుంటాననుకున్నదాన్ని అక్కడ పట్టుకున్నాను. నాలుగు చోట్లా గీతలు పెట్టాను. నాలుగోది వంకర పోతే మళ్ళీ దిద్దాను.

మా నాయన వచ్చి కిందికి దూరాడు. ఒక గీత మీద స్క్రూలు తిప్పే పేచకస్ పెట్టి నొక్కాడు. తారు పొర పుటుక్కున తెగి, పేచకస్ పిడి దాకా లోపలికి పోయింది. ఎర్రటి తుప్పు పొరలు పొరలుగా ఆయన మొహం మీద రాలింది. రెండోదాన్ని పొడిచి చూడలేదు. బయటికి వచ్చేసరికి ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తుప్పు పడో మరెందుకో. నా వైపు చూడకుండా, “ఆ షాఫ్టుల కాయితం ఇప్పకుండ్రి. దుకాణపోడు వాపస్ తీస్కుంటడేమో” అన్నాడు.

నేను షెడ్డు వెనక పాత టైర్ల మీద కూర్చున్నాను. చాయ్ అమ్మే అత్త నన్ను చూసి, ఏడ్వకు బుజ్జీ, వచ్చే ఏడు పోతువులే, అప్పటికి కొత్త జీపు వస్తది అంది. మంచి మనసుతోనే అంది. ఆమె పోయాక మిస్త్రీ వచ్చి పక్క టైరు మీద కూర్చున్నాడు. ఆయన దగ్గర కిరసనాయిలు వాసన వచ్చింది.

“వచ్చే ఏడు చేర్చుకుంటరా తాతా?” అన్నాను.

“చేర్చుకోరు.”

“కొత్త జీపు వస్తదా?”

“రాదు.”

“మరి నా బడి?”

“పోయింది బిడ్డా” అన్నాడు.

అంతకు మించి ఒక్క మాట కలపలేదు. లేచి కూడా పోలేదు. ముందునుంచి ఎవరో లారీ వాడు మిస్త్రీ మిస్త్రీ అని అరుస్తుంటే, “ఆగురా, పని మీదున్న” అని కేకేసి అక్కడే కూర్చున్నాడు. మా నాయన బస్సు వేళైందని పిలిచేదాకా ఆ మనిషికి నా పక్కన కూర్చోవడమే పని. నేను అదురుతూ ఏడ్చాను. ఆపమని అనలేదు.

షాఫ్టులను దుకాణంవాడు వెనక్కి తీసుకున్నాడు కానీ ఎద్దుల్లో ఒకటే తిరిగి వచ్చింది. రెండోది అప్పటికే ఎక్కడికో అమ్ముడుపోయింది. ఒంటెద్దుతో నాగలి సాగదు. మా నాయన సుక్మాలో హమాలీ పనికి పోయాడు, ఇంతకాలం తోలిన ఉప్పు బస్తాలనే వీపు మీద మోశాడు. చలికాలం పోగానే నేనూ మా అమ్మా మిరప తోటలకు పోయాం. పెళ్ళయ్యేదాకా ప్రతి ఏడూ పోయాను.

నేను మా నాయన ప్రాణం కాపాడానని ఎవరైనా అంటారేమో, నేనైతే అనను. ఆ జీపు పడేదో, ఇంకో రెండేళ్ళు ఈడ్చేదో ఎవరికి తెలుసు? నడుము పోయి మంచం పట్టినప్పుడు మా నాయన ఒకసారి అన్నాడు, “ఆ దినం నువ్వు గీతలు పెట్టకుంటే నాలుగు నెలలన్న నడిచేది” అని. కోపంతో అనలేదు, లెక్క చెప్పినట్టు అన్నాడు. నిజం చెప్తే మంచి జరుగుతుందని నాకు ఆ రోజు ఎవరూ నేర్పలేదు, జరగలేదు కూడా.

ఆ టైర్ల మీద నేర్చుకున్నది ఇంకొకటి. పోయిన ఏడు మా పక్కింటి చెల్లె మొగుణ్ణి పెద్దాసుపత్రి వాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. చూడవచ్చిన వాళ్ళంతా నయమవుతదిలే, దేవుడున్నాడులే అని, చాయ్ తాగి పోయారు. అందరూ పోయాక ఆమె నా చెయ్యి పట్టుకుని, “అక్కా, నువ్వన్న చెప్పు, బతుకుతడా?” అని అడిగింది. బతకడు చెల్లే అన్నాను. ముసలిదానికి నోటికి అడ్డూ అదుపూ లేదని వాకిట్లో ఎవరో అన్నారు, వినిపించింది. ఆమె ఇంట్లో ఆ పొద్దు అన్నం వండలేదు. నేను ఎసరు పెట్టి, బియ్యం కడిగి, ఆమె గోడకు ఆనుకున్నచోటే ఆనుకుని కూర్చున్నాను. ఆయన పోయిన పదకొండో నాటి దాకా రోజూ పోయి అట్లాగే కూర్చున్నాను. ఆమెకు దానివల్ల ఏం ఒరిగిందో నేనడగలేదు.