ఎరువు చక్రాలు

వాహనాల పరీక్ష మైదానానికి ఎదురుగా, రోడ్డుకి ఇవతలి పక్కన, రేకుల కప్పు కింద ఒక గది. గది ముందు గాలి పంపు, నీళ్ల తొట్టి, చక్రాలు విప్పే సామాను. దారినపోయేవాళ్లకి అది పంక్చర్లు వేసే కొట్టు. ఆటోవాళ్లకి మాత్రం అది ముస్తాబు గది. మూడు చక్రాల బండి ఏడాదికోసారి ఫిట్‌నెస్ కాగితం కోసం ఆ మైదానం గేటు దాటాలి. దాటబోయే ముందు ఇక్కడ ఆగి మంచి చక్రాలు తొడుక్కునేది, పగలని అద్దం పెట్టించుకునేది, మంటలార్పే ఎర్ర సిలిండరు ఒకటి సీటు పక్కన తగిలించుకునేది. పాసై బయటికొచ్చాక అన్నీ విప్పి ఇచ్చేసి, తన అరిగిన చక్రాలు తను వేసుకుని తన దారిన తాను పోయేది.

ఆ కొట్టు ఆసామిని అందరూ చక్రాల మావయ్య అంటారు. అరవై దాటిన మనిషి. చేతివేళ్ల సందుల్లో నల్లటి గ్రీజు మచ్చలు ఏ సబ్బుకీ లొంగని స్థాయికి ఎప్పుడో వెళ్లిపోయాయి. టైరు మీద బొటనవేలు ఒక్కసారి పామితే అది ఇంకా ఎన్ని నెలలు నడుస్తుందో చెప్పేవాడు. చెప్పింది తప్పేది కాదు.

ఈ ముస్తాబు పని ఆయన వ్యాపారంగా మొదలుపెట్టలేదు. ముప్ఫై ఏళ్ల కిందట ఒక డ్రైవరు గేటు దగ్గర ఫెయిలై వచ్చి, ఈ కొట్టు ముందు కూలబడి ఏడ్చాడు. ఒక్క టైరు కోసం బండి ఆపేశారు, పిల్లలకి ఏం పెట్టాలి అన్నాడు. మావయ్యకి జాలేసి, అమ్మకానికి ఉంచిన చక్రం ఒకటి తీసి గంటసేపు వాడుకోమని ఇచ్చాడు. ఆ మాట ఆటోల స్టాండ్లన్నీ తిరిగింది. వచ్చి వాడుకున్నవాళ్లు వెళ్తూ ఎంతో కొంత చేతిలో పెట్టేవారు. చేతికి మట్టి కాకుండా దొరికే రాబడి ఎవరికి చేదు? చూస్తుండగానే ఒక చక్రం ఆరు చక్రాలైంది. కానీ ఆయన నోట అద్దె అన్న మాట ఎన్నడూ రాలేదు. ఎరువిచ్చాను అనేవాడు. అద్దె అంటే వ్యాపారం, ఎరువంటే సాయం. మనిషి తనని తాను నమ్మించుకోవాలనుకుంటే ఒక్క మాట చాలు.

"మనం ఎవర్నైనా మోసం చేస్తున్నామా?" అని భార్యతో వాదించేవాడు. "గేటు దగ్గర చక్రాలు బాగున్నాయా అని చూస్తారు. బాగున్నాయి. ఎవరివయ్యా అని అడగరు."

"ఎరువు సొమ్ము బరువు చేటు అని ఊరికే అన్నారా?" అనేదావిడ, కూరగాయలు తరుగుతూ తలెత్తకుండానే.

గేటు లోపలి ఇన్‌స్పెక్టరు గుడ్డివాడేం కాదు. ఒక్క మనిషి, సాయంత్రం లోపు డెబ్బై బండ్లు. కాగితం మీద గడులున్నాయి, ప్రతి గడిలో టిక్కు పడాలి. నెలకి ఇరవైసార్లు అవే చక్రాలు వేరువేరు బండ్ల కింద ఆయన ముందు నుంచి దొర్లిపోతే, గుర్తుపట్టడానికి చక్రాలకి ముక్కూ ముఖమూ ఉండవు కదా.

మావయ్యకి మాత్రం తన చక్రాలు తెలియాలి. ఎవడైనా వేసుకుని ఉడాయిస్తే? అందుకే ప్రతి రిమ్ము లోపలి అంచున పసుపు రంగు చుక్క పెట్టుకున్నాడు. హడావుడి రోజుల్లో ఆయన కళ్లు ఆ చుక్కనే వెతికేవి. చుక్క ఉంటే మనది, జాగ్రత్త. చుక్క లేకపోతే పరాయిది, ఏదైతేనేం. ఆయన చేసిన తప్పంతా ఆ "ఏదైతేనేం"లోనే ఉంది.

ఆ మంగళవారం కొట్టు ముందు పదకొండు ఆటోలున్నాయి. ముందురోజు పడ్డ వానకి మైదానమంతా ఎర్రమట్టి బురద. అప్పుడే పాసై బయటికొచ్చిన ఒక ఆటో ముందు చక్రం గాలి దిగిపోయి కుంటుతూ వచ్చింది. దాని డ్రైవరు పేరు స్టాండులో ఎవరికీ గుర్తులేదు, నిదానం అంటేనే తెలుస్తుంది. అతని బండిని నడిచిపోయేవాళ్లు కూడా దాటేస్తారని ఎగతాళి. ముగ్గుర్ని మించి ఎక్కించడు. తన సీటు పక్కన ఎవర్నీ కూర్చోనివ్వడు. ముస్తాబు గది మెట్టు ఎన్నడూ ఎక్కనివాడు, ఆరోజూ సొంత చక్రాలతోనే పాసయ్యాడు. ముందు టైరు కొని రెండు నెలలే అయింది. దానికే మైదానంలో మేకు దిగింది.

"మావయ్యా, కాస్త తొందరగా. లెక్కల టీచరమ్మ స్కూలు వదిలే టైమైంది, నాకోసం చూస్తుంటారు" అన్నాడు నిదానం.

"నీ నోట తొందర అన్న మాట వినడానికే ఇన్నాళ్లు బతికానురా" అని నవ్వుతూ మావయ్య చక్రం విప్పాడు. మేకు ట్యూబుకి రెండు వైపులా పొడిచింది. రెండు ప్యాచీలు పక్కపక్కనే వేసి, టైరు బిగించి గోడకి ఆనించాడు. సరిగ్గా అప్పుడే ఇంకొక డ్రైవరు వచ్చి, దారికి అడ్డంగా బండి ఆపి మోత మొదలుపెట్టాడు. వీడి ముద్దుపేరు హారను. వీడికి ఎరువిచ్చిన మూడు చక్రాలూ విప్పి, వీడి అరిగిన చక్రాలు మూడూ వీడికి బిగించాలి. మావయ్య విప్పినవాటిలో పసుపు చుక్కలు చూసుకుని, లెక్కపెట్టి లోపల పెట్టాడు. గోడ దగ్గర నాలుగు చక్రాలు మిగిలాయి. నాలుగింటికీ ఎర్రమట్టి పూసి ఉంది. చేతికొచ్చింది నిదానానికి, మిగిలినవి హారనుకి బిగించి పంపేశాడు. బొటనవేలు పామి చూడలేదు. చూడాలని తోచనేలేదు.

శుక్రవారం హారను గాలి పట్టించుకోవడానికి వచ్చి, బండి దిగకుండానే నవ్వడం మొదలుపెట్టాడు.

"మావయ్యా, నీ చేతిలో ఏం మహిమ ఉందో గానీ, గుండులా ఉన్న నా టైరు మీద గీతలు మొలిచాయి!"

మావయ్య వంగి వెనక చక్రం మీద వేలు పెట్టాడు. వేలికి తెలిసిపోయింది. ఆ టైరు ఎవరిదో, దాని బదులు ఎవరి బండికి ఏది వెళ్లిందో క్షణంలో అర్థమైంది.

"ఇది నిదానం చక్రంరా" అంటే, "వాడొచ్చి అడిగితే ఇద్దాంలే, ఊరుకో" అని హారను వెళ్లిపోయాడు.

నిదానం ఉండే స్టాండు ఎంతో దూరం కాదు. సైకిలు మీద పావుగంట. వెళ్లి, పొరపాటైంది, చక్రం మార్చుకో అంటే సరిపోయేది. కానీ నలుగురి ముందూ చక్రాల మావయ్యే చక్రం పోల్చుకోలేకపోయాడంటే నామర్దా. ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు, గాలికైనా రాకుండా ఎక్కడికి పోతాడు అనుకున్నాడు. పైగా, వాడు నిదానంగా నడుపుతాడు కదా, ఏమవుతుంది అనుకున్నాడు. ఎదుటివాడి మంచి అలవాటు మీద మన బద్ధకాన్ని ఆరేసుకోవడం ఎంత సులువో! అలా ఆరు రోజులు గడిచాయి.

గురువారం సాయంత్రం చినుకులు పడ్డాయి. స్కూలు దగ్గరి మలుపులో కుక్క అడ్డం వస్తే నిదానం బ్రేకు వేశాడు. నున్నటి ముందు చక్రం తడి రోడ్డు మీద జారి ఆటో పక్కకి ఒరిగి పడిపోయింది. బండిలో లెక్కల టీచరమ్మ ఒక్కరే ఉన్నారు. ఆవిడ తల రోడ్డు అంచురాయికి తగిలింది. రెండో రోజు ఆసుపత్రిలో పోయారు. రోజూ ఆవిడ ఆ బండే ఎక్కడానికి కారణం అతని నిదానమే. నిదానానికి తొడ ఎముక విరిగింది.

నెల తర్వాత బీమా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చిందని స్టాండులో చెప్పుకున్నారు. ఒక డ్రైవరు దాని నకలు మావయ్యకి చదివి వినిపించాడు. ముందు టైరు పూర్తిగా అరిగి ఉంది, బండి రోడ్డు మీద తిరగదగిన స్థితిలో లేదు, ఆ సంగతి తెలిసి డ్రైవరు నడిపాడు, కాబట్టి కంపెనీకి బాధ్యత లేదు. టీచరమ్మ కుటుంబానికి ఇవ్వాల్సింది, తన వైద్యానికి అయ్యేది అన్నీ డ్రైవరే చూసుకోవాలి. లైసెన్సు రద్దు చేయాలని కూడా రాశారు.

"పాపం, కొత్త టైరు వేశానని ఒట్టేస్తున్నాడు. ఎవరు నమ్ముతారు మావయ్యా? ఇంట్లో పెళ్లామే నమ్మట్లేదు. ఇప్పుడు వాడికే అనుమానం పట్టుకుంది, నేనే చూసుకోలేదేమో అంటున్నాడు. తిండి మానేశాడు" అన్నాడా డ్రైవరు.

మావయ్యకి ఉత్తరంలోని మిగతా మాటలేవీ వినపడలేదు. "తెలిసి" అన్న ఒక్క మాట చెవిలో ఉండిపోయింది. తెలిసి ఊరుకున్నవాడు ఒకడున్నాడు. వాడు ఆటో నడపడు.

ఆ పూట అన్నం దగ్గర కూర్చుని జరిగిందంతా భార్యకి చెప్పాడు. ఆవిడ సామెత వేస్తుందని ఎదురుచూశాడు. ఆవిడ వేయలేదు. "ఆరు రోజులా?" అంది. తర్వాత, "నాకు చెప్పి ఏం లాభం? చెప్పాల్సినవాళ్లకి చెప్పు" అని లేచి కంచం తీసేసింది.

మర్నాడు పొద్దున్నే హారను ఇంటికి వెళ్లాడు.

"నన్నూ ఇరికిస్తావా మావయ్యా?" అన్నాడు హారను. వాడి ముఖంలో నవ్వు లేదు.

"నీ సంగతి నువ్వు చెప్పుకో. నాకు ఆ చక్రం కావాలి." తను తెచ్చిన మంచి చక్రం ఒకటి వాడి ముందు దొర్లించాడు. "ఇది నీకే. మళ్లీ ఇవ్వక్కర్లేదు." హారను చాలాసేపు నసిగాడు గానీ, చివరికి జాకీ తనే తెచ్చి పెట్టాడు.

ప్రమాదాలు విచారించే బీమావాళ్ల సర్వేయరు గది రెండో అంతస్తులో ఉంది. మావయ్య చక్రాన్ని భుజాన వేసుకుని, మెట్టుమెట్టుకీ ఆయాసపడుతూ ఎక్కాడు. సర్వేయరు వయసులో చిన్నవాడు, కళ్లజోడు పెట్టుకుని బల్ల మీద గుట్టగా ఉన్న ఫైళ్ల వెనక కూర్చున్నాడు. ముందు విసుక్కున్నాడు. వినేకొద్దీ కలం తీశాడు.

"ఇది ఆ బండి చక్రమే అనడానికి సాక్ష్యం ఏంటండీ?"

"టైరు విప్పండి బాబూ. ట్యూబు మీద రెండు ప్యాచీలు పక్కపక్కన ఉంటాయి. ఆ మంగళవారం మేకు దిగితే నేనే వేశాను. ఈ టైరు ఎప్పుడు కొన్నాడో, దీని నంబరేంటో అమ్మిన కొట్లో బిల్లుంటుంది, పోల్చుకోండి."

"మీరు ఏం పని చేస్తారని రాయమంటారు?"

మావయ్య, "ఫిట్‌నెస్ పరీక్షకి చక్రాలు అద్దెకిస్తాను" అన్నాడు.

సర్వేయరు కలం ఆపి తలెత్తాడు. "పెద్దాయనా, ఇది రాస్తే మీ మీద కేసవుతుంది. చక్రం మారిందని మూడో రోజే తెలిసిందన్న మాట కూడా ఉండాలా? అది లేకపోయినా అతనికి సరిపోతుంది."

"అది లేకపోతే ఇంకేముంది బాబూ అందులో? రాయండి."

రాసి చదివి వినిపించాక సంతకం పెట్టాడు. కంపెనీ ఏమంటుందో తను చెప్పలేనని, కానీ ఆ 'తెలిసి' అన్న మాట ఇక డ్రైవరు మీద నిలవదని సర్వేయరు అన్నాడు.

అక్కడి నుంచి నిదానం ఇంటికి నడిచాడు. తిడతాడు, కొట్టినా కొడతాడు, కొట్టనీ అనుకుంటూ వెళ్లాడు. తగిన శిక్ష ఏదో ఒకటి ఆ గుమ్మంలోనే పడిపోతే బాగుండునని ఆయన ఆశ. చిన్న గది, కిటికీ పక్కన మంచం, మంచం మీద కట్టు కట్టిన కాలు. నిదానం సగానికి సగమైపోయాడు. భార్య స్టవ్వు దగ్గర నిలబడి ఉంది. మావయ్య కూర్చోకుండా, ఎక్కడా దాచకుండా, చక్రం మారిన సంగతీ ఆరు రోజులు ఊరుకున్న సంగతీ చెప్పాడు.

నిదానం అంతా విన్నాడు. తర్వాత చెయ్యి చాచి మావయ్య చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు.

"అయితే నేను కాదన్నమాట" అన్నాడు. భార్య వైపు తిరిగి, "విన్నావా? కొత్త టైరే. నేను చూసుకున్నాను. నేను కాదంట" అన్నాడు. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే, "చెప్పావు మావయ్యా, నీ రుణం తీర్చుకోలేను" అన్నాడు.

ఆవిడ వచ్చి మొగుడి తల పొట్టకి ఆనించుకుని నిలబడింది. మావయ్య వంక చూసిన చూపులో ఏముందో ఆయన చదవలేకపోయాడు. కాసేపటికి ఆవిడే ఒక గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. తిట్లు తినడానికి వెళ్లిన మనిషి టీ తాగాడు.

లేచి వెళ్లబోతుంటే నిదానం వెనక నుంచి పిలిచాడు. "మావయ్యా, టీచరమ్మ గారి భర్తకి కూడా నీ నోటితో చెప్పు. కొత్త టైరేనని నేను రెండుసార్లు కబురు పంపాను. ఆయన నమ్మలేదు."

"చెప్తాను" అన్నాడు మావయ్య. ఇల్లెక్కడో అడిగి తెలుసుకుని, వీధిలోకి దిగి అటే నడిచాడు.