జెలటిన్ భూతద్దం

మూడో తరగతి చదివే మా మనవరాలు ఈ రోజు జెలటిన్‌తో భూతద్దం చేసింది. వేడినీళ్లలో పొడి కలిపి, గుంట గరిటెలో పోసి ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుందట. రేపు బడిలో చూపించాలి.

మా ఆవిడ వాసన చూసి, "గీ పొడి దేంతోని చేస్తరే?" అని అడిగింది.

"పశువుల బొక్కలతోని నానమ్మా. మా మేడమ్ చెప్పింది."

ఎముకల సంగతి అటుంచి, మాది గుడ్డు కూడా రాని ఇల్లు.

"నా వంటింట్ల బొక్కలా? ఏందండీ, మీరు చూసుకుంట కూసున్నరా?" అని నా మీద పడింది. పిల్ల ఏడుస్తుంటే ఆ గరిటె పట్టుకెళ్లి పైవాటా వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టి వచ్చాను.

సాయంత్రానికి అద్దం చక్కగా వచ్చింది. బాల్కనీలో కూర్చుని పేపరు మీద పెట్టి చూశాం.

"తాతా, జెర ఇంకా చిన్న అక్షరాలు తే" అంది.

మా ఆవిడ మోకాళ్ల నొప్పులకు రోజూ మింగే క్యాప్సూల్స్ అట్ట తెచ్చాను. పిల్ల అద్దం పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

"తాతా, గీండ్ల సుత జెలటిన్ ఉంది."

అట్ట జేబులో పెట్టుకున్నాను. పిల్లకు ఐస్‌క్రీం కొనిచ్చాను.

ఆ మందు పడ్డాకే ఆమె మెట్లు ఎక్కుతోంది. తెలిస్తే రేపటి నుంచి ముట్టదు. ఆమె ఫోన్ చూడదు కాబట్టి ఈ గ్రూపులో అడుగుతున్నాను. చెప్పాలా, వద్దా? జవాబు రాసే ముందు మీ ఇంట్లో మందుల అట్టలు కూడా ఒకసారి చూసుకోండి.